నాలుగు చక్రాల మీద చేతులు

సంకేతం ఆగిన నలభై ఒకటో ఏడు, 204వ రోజు

ఇవాళ ఊడుపు వంతు మాది. మా ఊరు ఉప్పుగడ్డ నుంచి ఏడో కిలోమీటరు రాయి దాకా నలభై మందిమి కొబ్బరి చీపుళ్ళతో రోడ్డు ఊడ్చాం. వెనకాల నడుస్తూ నేను కేకలు వేస్తూనే ఉన్నాను. ఒక్క గులకరాయి మిగిలినా దానికి తీర్పు దినాన లెక్క చెప్పాలన్నాను. మా బండ్ల పొట్టకూ రోడ్డుకూ మధ్య ఉన్నది నాలుగు వేళ్ళ సందు. రాయి తగిలితే బండి ఉండదు, మనిషి ఉండడు.

తమంతట తాము నడిచే లారీల కోసం మా తాతల నాడు అద్దంలా పోసిన రోడ్డు ఇది. వాటిని నడిపే సంకేతం ఆగిన రోజున ఎక్కడి లారీ అక్కడే ఆగిపోయింది. ఇప్పుడు ఒకదానిలో బడి నడుస్తోంది, ఒకదానిలో కోళ్ళు ఉంటున్నాయి. ఎండ పడితే వాటి అద్దాల మీద ఇప్పటికీ అక్షరాలు వెలుగుతాయి. "అనుమతి కోసం వేచి ఉన్నాం. దయచేసి సహకరించండి." కోళ్ళు సహకరిస్తూనే ఉన్నాయి.

మధ్యాహ్నం తీగఫోను మోగింది. పైమిట్ట నుంచి సలోమి. మా మెకానిక్ బర్నబా భార్య, అక్కడి ఆసుపత్రిలో నర్సు. నెలకు పదిహేను రోజులు అక్కడ ఉంటుంది.

"అయ్యగారా, ముందు ఆ మనిషి అన్నం తిన్నాడో లేదో జెప్పండి."

"తిన్నాడమ్మా. ఏంటి సంగతి?"

"ఇక్కడ పిల్లలకు కంఠసర్పి వచ్చింది. తొమ్మిది మంది. గొంతులో తెల్ల పొర కట్టి ఊపిరి ఆడటంలా. ప్రిస్కిల్ల డాక్టరమ్మ దగ్గర సీరం ఎంతుంటే అంత పంపండి. గుర్రం మీద పంపారంటే ఐదో రోజుకి వస్తది. అప్పుడు ఎవరికి పొడవాల మేము?"

సీరం తయారయ్యేది మా దగ్గరే. డాక్టరమ్మ మా గుర్రాల రక్తం నుంచి తీస్తుంది. పైమిట్ట ఇక్కడికి రెండు వందల ఎనభై ఆరు కిలోమీటర్లు. సాయంత్రం సంఘపెద్ద ఎలియాజరయ్య షెడ్డుకు వచ్చాడు. మూడు బండ్లలో దేనిని పంపాలో తేల్చి, కారణాలతో సహా చిట్టాలో రాయమన్నాడు. రాస్తున్నాను.

ఈ సంఘానికి పాస్టరునే అయినా నాకు అక్షరాలు వచ్చింది రెండు పుస్తకాల నుంచి. ఒకటి దేవుని వాక్యం, రెండోది ఈ బండ్లతో పాటు దొరికిన మరమ్మతు పుస్తకం. బడికి పోలేదు. తప్పులుంటే ఆ రెంటిలో ఏదో ఒకదానివి, లేదా నావి.

లోకంలో బండ్లన్నీ పైనుంచి వచ్చే అనుమతికి కట్టుబడి చచ్చాయి. ఈ మూడే చావలేదు. ఇవి పాత పందెపు బండ్లు. మనిషే నడపాలి, పైవాడెవడూ వేలు పెట్టకూడదు అన్నది ఆ పందెం నియమం. అందువల్ల వీటికి పెడలు తొక్కితే చాలు. మూడింటికీ చక్రాలు ఒంటి బయటే ఉంటాయి, మూతా ముసుగూ లేకుండా. చూపుకు మూడూ అక్కాచెల్లెళ్ళలాగే ఉంటాయి గానీ గుణాలు వేరు.

మొదటిది జోరీగ. నిమిషానికి పన్నెండు వేల చుట్లు తిరిగే చిన్న ఇంజను, దాని కూత పదో కిలోమీటరు దాకా వినిపిస్తుంది. ముందూ వెనకా రెక్కలు. పక్షి రెక్క పైకి లేపుతుంది. దీనిది తిరగేసిన రెక్క, కిందికి నొక్కుతుంది. వేగం రెండొందలు దాటితే గాలి దాని బరువంత బరువై మీద కూర్చుంటుంది. మలుపుల్లో దీనిని మించినది లేదు. తిన్నగా అయితే మూడు వందల నలభై పోతుంది. కానీ మహా సుకుమారం. చల్లగా ఉంటే ఇంజను కదలదు. ఆడవాళ్ళు గుండిగల్లో నీళ్ళు కాచి తెస్తే చేతిపంపుతో దాని లోపల తిప్పాలి. టైర్లు కూడా అంతే. తొంబై డిగ్రీల వేడి ఉంటేనే రోడ్డును పట్టుకుంటాయి. వేడి ఇసుక నింపిన బొంతలు చుట్టి పెడతాం.

"నెమ్మదిగా పోతే జారేది, జోరుగా పోతే నిలిచేది. చల్లబడితే పనికిరాదు," అన్నాడు బర్నబా. "మీ సంఘంలో గూడా ఉండారుగా అయ్యగారా ఇట్టాంటోళ్ళు!"

రెండోది ఎడంబండి. గుండ్రటి మైదానంలో ఎప్పుడూ ఎడమకే తిరిగే పందేల కోసం చేసింది. కుడి టైరు ఎడమ దానికంటే ఒక పిసరు పెద్దది, అందుకని తిన్నటి రోడ్డు మీద కూడా ఎడమకే లాగుతుంది. స్టీరింగుకు సాయం చేసే యంత్రం లేదు, అంతా చేతుల బలమే. బండి నడిపే కెజియా దీని మీద ఒకసారి పైమిట్ట పోయివచ్చి రెండు రోజులు అన్నం ముద్ద ఎత్తలేకపోయింది. తిన్నగా పోతే మూడింటిలోకీ దీనిదే ఎక్కువ వేగం, మూడు వందల డెబ్బై. తాగేది సారా. ఊరూరా సారా మీద నిప్పులు కురిపించిన నేనే ఇప్పుడు దీని కోసం బట్టీకి కాపలా. ప్రస్తుతం దీని గేర్‌బాక్సు యాభై ముక్కలై షెడ్డులో గోనెపట్టా మీద పరిచి ఉంది.

మూడోది మూగది. ఎండతో బ్యాటరీ నింపుకునే కరెంటు బండి. కూత లేదు, పొగ లేదు. నిలిచిన చోటి నుంచి వంద వేగం అందుకోవటంలో మిగతా రెండూ దీని ముందు ఎద్దుబండ్లు, రెండు సెకన్లు కూడా పట్టదు. టైర్లకు గాడులున్నాయి, వానకూ చలికీ వెరవవు, బొంతలు అక్కర్లేదు. కానీ పూర్తి వేగంతో పోతే తొంబై కిలోమీటర్లకే దాని ఊపిరి అయిపోతుంది. డెబ్బై ఎనభై వేగంతో బుజ్జగించి నడిపితే, బ్యాటరీ నిండుగా ఉంటే, పైమిట్ట చేరవచ్చు. చేరకపోనూవచ్చు.

దారిలో కొండ మలుపులు పద్నాలుగు. కాబట్టి జోరీగ. అందరం ఒప్పుకున్నాం.

205వ రోజు

మిట్ట మధ్యాహ్నం, అప్పడం వేస్తే రోడ్డు మీదే కాలేటంత ఎండలో జోరీగ వెళ్ళింది.

మా దగ్గర ఒక ఆచారం ఉంది, నేను పెట్టిందే. రోగుల మీద, పంపబడేవారి మీద చేతులుంచమని వాక్యంలో ఉంది. బండి కూడా పంపబడేదే కదా. పైగా ఈ బండ్ల చక్రాలు ముట్టుకోమన్నట్టు బయటే ఉన్నాయి. అందుకని బయలుదేరే ముందు బొంతలు విప్పి, నలుగురు పెద్దలు నాలుగు చక్రాల మీద చేతులుంచుతారు, నేను ప్రార్థిస్తాను. పంతొమ్మిది ఏళ్ళుగా ఇదే పద్ధతి. బొంత మీద చెయ్యి పెడితే చాలదా అని ఒకసారి బర్నబా అడిగాడు. బొంతను పంపుతున్నామా, చక్రాన్ని పంపుతున్నామా అని నేను గద్దించాను. సంఘమంతా నవ్వింది. ఆయన నోరు మూసుకున్నాడు.

ఇవాళ తొమ్మిది నిమిషాలు ప్రార్థించాను. సముద్రంలో ఫరో రథాల చక్రాలు ఊడిపోయిన సంగతి ఎత్తుకుని, మా చక్రాలు ఊడవని ప్రకటించాను. జనం ఆమేన్ అంటే షెడ్డు రేకులు అదిరాయి.

గంటా పంతొమ్మిది నిమిషాలకు ఫోను వచ్చింది.

"వచ్చేసింది అయ్యగారా!" సలోమి ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "తొమ్మిది మందికీ పొడిచాం. ఆ మనిషికి జెప్పండి, ఆయన బండి మా ఆసుపత్రి గోడకాడ నిలబడి బుసకొడతా ఉంది, ఆయన లాగే."

సాయంత్రం కూటంలో పెద్దలందరూ లేచి సాక్ష్యం చెప్పారు. ప్రార్థన వల్లే అన్నారు. నేను కాదనలేదు.

208వ రోజు

నిన్న పొద్దున మొదలైన వాన ఇంకా తగ్గలేదు. సముద్రం మీది నుంచి ఈదురుగాలి. కెజియా మొన్ననే, వానకు ముందే, జోరీగను తిరిగి తెచ్చింది. తొమ్మిది మంది పిల్లల్లో ఒక్కడు కూడా పోలేదని, వాళ్ళలో ఒక పిల్ల తనకు రేగిపళ్ళు ఇచ్చిందని చెప్పింది.

మధ్యాహ్నం ఫోనులో వేరే గొంతు. కంఠసర్పి సలోమికి తగిలింది. ఇంకో ఇద్దరు పిల్లలకూ వచ్చింది. ఉన్న సీరం అంతా ముందు తొమ్మిది మందికే అయిపోయింది.

షెడ్డులోకి వెళ్ళి బర్నబాకు చెప్పాను. ఆయన చేతిలో రెంచి ఉంది. కింద పెట్టలేదు.

"డాక్టరమ్మ ఏమంటది?"

"రెండో విడత సీరం ఎల్లుండి తెల్లవారేసరికి సిద్ధమవుతుందట. ఆ మధ్యాహ్నం లోపల పొడవాలట. ఆలస్యమైతే విషం గుండెకు పోతుందట."

ఆయన షెడ్డు తలుపు మూశాడు. తర్వాత నా దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు.

"అయ్యగారా, ఒక మాట. మొన్న మీరు ప్రార్థన చేసేటప్పుడు నేను టైర్ల వేడి జూశా. తొంబై ఉన్నది, తొమ్మిది నిమిషాల్లో ఎనభై రెండుకు దిగింది. ఎండ గాబట్టి అంతటితో ఆగింది. ఎల్లుండి ఈ గాలిలో అట్టా ఆగదు. బొంతలు ఇప్పితే ఇప్పినట్టే బండి పోవాల. ప్రార్థన ముందే చేసుకోండి."

"చేతులుంచేది చక్రం మీద కదా బర్నబా."

"లారీలన్నీ అనుమతి కోసం ఆగి ఆగి తుప్పు పట్టినయ్. ఈ మూడిటికి ఆ జబ్బు లేదనుకున్నా." ఆయన గొంతులో కోపం లేదు. "ఈసారికి చిన్నది చేయండి అయ్యగారా. ఒక్క నిమిషం. దణ్ణం పెడతా."

ఒక్క నిమిషమే అని మాట ఇచ్చాను. ఆయన చెయ్యి పట్టుకుని మరీ ఇచ్చాను.

210వ రోజు, ఉదయం 7.20

రాయబుద్ధి కావటం లేదు. అయినా చిట్టా రాయాల్సింది నేనే.

రాత్రే వాన ఆగింది, గాలికి రోడ్డు ఆరింది. నాలుగు ఊళ్ళ నుంచి జనం వచ్చారు, మూడు వందల మంది ఉంటారు. సలోమి చేత మందు తాగని ఇల్లు ఈ తీరంలో లేదు. ఆరున్నరకు వేడినీళ్ళు ఎక్కించారు. జోరీగ కూత పెట్టింది. కెజియా లోపల కూర్చుంది. ఆరూ నలభైకి బొంతలు విప్పారు. బర్నబా టైరుకు థర్మామీటరు ఆనించి నాకు వినబడేలా అన్నాడు, "తొంబై నాలుగు."

పెద్దలు చేతులుంచారు. నేను మొదలుపెట్టాను.

ఒక్క నిమిషమే అనుకున్నాను. అది నిజం. కానీ మేఘం చీలి వెలుతురు జనం మీద పడింది. ఒక ముసలామె స్తోత్రం అని అరిచింది. చెరలో ఉన్న ప్రవక్త నది ఒడ్డున చూసిన చక్రాలు నా నోట్లోకి వచ్చాయి. చక్రంలో చక్రం, వాటి నిండా కళ్ళు. ఆ తర్వాత రాజు రథానికి ముందు నడుము కట్టుకుని పరిగెత్తిన ఇంకో ప్రవక్త నా మాటల్లోకి వచ్చాడు. నేను ఒక మాట అంటే మూడు వందల గొంతులు తిరిగి అంటున్నాయి. అది ఆత్మావేశమే అనుకున్నాను. ఇప్పుడు కూర్చుని రాస్తుంటే, అందులో నాకు దొరికిన సుఖం ఎంతో తెలుస్తోంది.

కెజియా హెల్మెటు అద్దం పైకెత్తి నా వైపు చూసింది. ఆమె వేలు స్టీరింగు మీద టకటక కొట్టుకుంటోంది. ఆనందంతో తాళం వేస్తోందనుకున్నాను.

నేను ఆమేన్ అనేటప్పటికి ఆరూ యాభై ఒకటి. బర్నబా మళ్ళీ థర్మామీటరు ఆనించాడు. చదివి వినిపించలేదు. నేనే వంగి చూశాను. యాభై ఎనిమిది.

"మళ్ళీ బొంతలు చుడదామా?" అన్నాను.

"ఇసుక చల్లారిపోయింది. పొడి కట్టెలు అయిపోయినయ్, తడివాటితో మళ్ళీ కాచేసరికి మధ్యాహ్నం అయిద్ది. ఇంజను అంతసేపు ఆగదు." ఆయన కెజియా వైపు వంగి అరిచాడు. "అమ్మా, మొదటి మలుపు పిల్లిలాగా పోమ్మా! పిల్లిలాగా!"

పిల్లిలాగే పోయింది. అదే ఆ బండి శాపం. నెమ్మదిగా పోతే రెక్కల మీద గాలి కూర్చోదు. చల్లటి టైరు రోడ్డును పట్టుకోదు. ఉప్పుకాలవ మలుపులో, ఇక్కడికి కిలోమీటరున్నర దూరంలో, కూత ఒక్కసారిగా తెగిపోయింది. మూడు వందల మందిమీ విన్నాం. ఎవరూ కదల్లేదు. ముందుగా పరుగెత్తింది బర్నబా.

కెజియా బతికే ఉంది. భుజం ఎముక విరిగింది. జోరీగ ముక్కూ, ముందు చక్రాలు రెండూ పోయాయి. సీరం పెట్టె చెక్కు చెదరలేదు.

కాలవ గట్టు మీద పడుకోబెడితే ఆ పిల్ల నన్ను చూసి అన్న మాట, "క్షమించండి అయ్యగారా, నేనే సరిగా తిప్పలా."

అదే రోజు, ఉదయం 8.15

మిగిలింది మూగది. ఎడంబండి గేర్‌బాక్సు పట్టా మీదే ఉంది. మూడు రోజుల మబ్బు వల్ల మూగదాని బ్యాటరీ ఎనభై నాలుగు పాళ్ళే నిండింది. నడిపేది ఎవరు? బర్నబా ఎవరినీ అడగలేదు. పెట్టె తీసుకుని ఎక్కి కూర్చున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఆ ఇరుకు గుంటలో మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి.

అప్పుడు ఎలియాజరయ్య పెద్దలను వెంటబెట్టుకుని వచ్చి నలుగురినీ నాలుగు చక్రాల దగ్గర నిలబెట్టాడు.

"అన్నా, వద్దు," అన్నాను. "పోనివ్వండి."

"ఏంది అయ్యగారా, అట్టా అంటారు! సాతానుగాడు ఇందాక జోరీగను కొట్టాడు. ఇప్పుడు ఇంకా గట్టిగా చెయ్యాల. గంటసేపైనా సరే. ప్రార్థన లేకుండా ఈ బండి కదలనివ్వం."

"ప్రార్థన వల్లే జోరీగ పోయింది. టైర్లు చల్లబడ్డాయి. నేను..."

"బాధలో ఏందేందో మాట్లాడతన్నారు. మొదలుపెట్టండి!"

జనం బండి ముందుకు వచ్చేశారు. పిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్ళు, ముసలివాళ్ళు. అందరి కళ్ళల్లో భక్తి. ఆ భక్తి నేను నేర్పిందే, ఒక్కొక్కరికీ ఇరవై ఏళ్ళు వంగి కూర్చుని నేర్పింది. బర్నబా నా వైపు చూశాడు. తిట్టినా బాగుండేది. ఊరికే చూశాడు.

నాకు తోచింది ఒక్కటే. ప్రసంగపు గొంతు ఎత్తాను.

"పక్కకు జరగండి! దారికి రెండు వైపులా నిలబడండి! మధ్యలో దేవుని దూత నడవాలి! చక్రాల మీద చేతులు తీయండి, ఆకాశం వైపు ఎత్తండి! కళ్ళు మూసుకోండి! నేను చెప్పేదాకా ఒక్కరూ తెరవకూడదు!"

జరిగారు. చేతులెత్తారు. కళ్ళు మూసుకున్నారు. నేను ఒక్కడినే తెరిచి ఉంచాను. బర్నబా పెడలు తొక్కాడు.

కూత లేదు. రోడ్డు మీద టైరు చేసిన చిన్న చప్పుడు, అంతే. మూడు వందల మంది మధ్య నుంచి బండి వెళ్ళిపోయింది. వాళ్ళ బట్టలు గాలికి రెపరెపలాడాయి గానీ ఎవరూ కళ్ళు తెరవలేదు.

బండి మలుపు తిరిగేదాకా ఆగి, "ఆమేన్," అన్నాను.

కళ్ళు తెరిచి చూస్తే బండి లేదు. రోడ్డు చివర చుక్క కూడా లేదు. ఇందాకటి ముసలామె రెండు చేతులూ గుండెకు కొట్టుకుంటూ అరిచింది. "ఎత్తబడింది! ప్రవక్తను తీసకపోయిన రథం మాదిరిగా ఎత్తబడిందయ్యో!"

జనం మోకాళ్ళ మీద పడ్డారు. నేను మోసం చేశానని చెప్పబోయాను. స్తోత్రాల్లో నా గొంతు నాకే వినబడలేదు.

అదే రోజు, మధ్యాహ్నం 1.00

లెక్క ప్రకారం పన్నెండు లోపల చేరాలి. ఫోను మోగలేదు. నేను చేశాను, అవతల ఎత్తిన అబ్బాయి ఇంకా రాలేదన్నాడు. సలోమి ఎలా ఉందంటే, డాక్టరును పిలవమంటారా అని అడిగాడు. వద్దన్నాను.

ఫోన్లు ఉన్నవి ఈ చివరా ఆ చివరా మాత్రమే. మధ్యలో రెండు వందల ఎనభై ఆరు కిలోమీటర్లలో ఏం జరుగుతోందో తెలుసుకునే దారి లేదు. వాక్యం తెరిచాను. మాటలు పెంచి ప్రార్థించవద్దని ప్రభువు చెప్పిన చోటు నాకు కంఠతా వచ్చు. దాని మీద నేను మూడు గంటలు ప్రసంగించాను ఒకసారి.

ఇంకేం చేయాలో తెలియక గుండిగలు తోముతున్నాను.

211వ రోజు

తెలిసింది రాస్తున్నాను.

రెండు వందల యాభై అయిదో కిలోమీటరు రాయి దగ్గర మూగది ఆగిపోయింది. ఇంకా ముప్పై ఒకటి ఉంది. బర్నబా పెట్టె చంకన పెట్టుకుని పరుగు మొదలుపెట్టాడు. నాలుగు కిలోమీటర్లకు పడిపోయాడు. ఆ ముక్క ఊడుస్తున్న ఊడుపువాళ్ళు పెట్టె అందుకున్నారు. వాళ్ళు తమ రాయి దాకా పరుగెత్తి తర్వాతి వాళ్ళకు ఇచ్చారు. అలా చీపుళ్ళు పడేసి చేతులు మారుస్తూ పైమిట్ట చేర్చారు. రెండూ అయిదుకు చేరింది.

సలోమి ఒంటిగంటా పదికి పోయింది.

మిగిలిన ఇద్దరు పిల్లలకూ సీరం పొడిచారు. వాళ్ళు బతుకుతారు.

పదకొండు నిమిషాలు నేను ఆపి ఉండకపోతే జోరీగ ఎనిమిదికల్లా పైమిట్టలో ఉండేది.

213వ రోజు, ఆదివారం

కూటంలో వాక్యం తెరవలేదు. ఈ చిట్టా తెరిచి చదివాను. తొంబై నాలుగు. పదకొండు నిమిషాలు. యాభై ఎనిమిది. అంకెలు మూడే, చదవటానికి సెకన్లు పట్టింది. ఆ తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, సలోమిని చంపింది నేనే అన్నాను.

ఎలియాజరయ్య లేచి వచ్చి నన్ను భుజాలు పట్టుకుని లేపాడు. ఆయన కళ్ళ నిండా నీళ్ళు.

"చూశారా మన అయ్యగారి తగ్గింపు!" అన్నాడు జనంతో. "పరలోకం పిలిచిన బిడ్డ చావును గూడా తన నెత్తిన ఏసుకుంటన్నాడు!"

"అన్నా, నేను అంకెలు చెబుతున్నాను!"

"అంకెలదేముందయ్యా. ప్రార్థన వల్ల ఎవురికైనా చెడు జరిగిద్దా? మీరే గదా నేర్పింది. ఆ పొద్దు మూగది ఎట్టా మాయమైందో మా కళ్ళతో జూశాం."

"మీ కళ్ళు మూసి ఉన్నాయి!"

నవ్వారు. ప్రేమగా నవ్వారు. ఆడవాళ్ళు కొందరు ఏడ్చారు. కెజియా కట్టు కట్టిన భుజంతో వెనక నిలబడి ఉంది. ఆమె ఒక్కతే నవ్వలేదు, కానీ తల వంచుకుంది. నాకు నోటి బలం ఉందని ఈ తీరమంతా అంటుంది. పాములు పట్టేవాళ్ళను మార్చాను, సారా కాచేవాళ్ళను మార్చాను. నేను తప్పు చేశాను అన్న ఒక్క మాటను మాత్రం నా సొంత సంఘం చేత నమ్మించలేకపోయాను.

చివరికి తీర్మానం చేశారు. ఇక మీదట ప్రతి ప్రయాణానికీ అరగంట ప్రార్థన.

216వ రోజు

బర్నబా ఇవాళ వచ్చాడు. సలోమిని అక్కడే, ఆసుపత్రి వెనకాల పూడ్చి వచ్చాడు. మూగదాన్ని ఎండలో పెట్టి నింపుకుంటూ రెండు రోజులు నడిపాడట. దిగి ఇంటికి పోలేదు. తిన్నగా షెడ్డులోకి పోయి ఎడంబండి గేర్‌బాక్సు ముందు కూర్చున్నాడు.

నేను వెళ్ళి ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాను. క్షమించమని అడగటానికి పోయాను. దారంతా మాటలు పేర్చుకుంటూ పోయాను, ఆ పాడు అలవాటు ఇంకా పోలేదు. మొదలుపెట్టకముందే ఆయన అన్నాడు.

"అరగంట చేశారంట గదా."

"నేను చెయ్యను బర్నబా. ఎవరు చెప్పినా చెయ్యను."

"మీరు చెయ్యకపోతే ఎలియాజరయ్య చేస్తాడు. ఆయనకు ఇంకా గొంతు ఎక్కువ." ఆయన ఒక పళ్ళచక్రాన్ని తీసి కిరసనాయిల్లో ముంచాడు. "మా సలోమికి మీ ప్రార్థనంటే ఇష్టం. అయ్యగారు మొదలుపెడితే పొయ్యి మీద కూర మాడిపోయిద్దని నవ్వేది. మాడినా ఇనేది."

నేను కిరసనాయిలు డబ్బా ఆయన దగ్గరకు జరిపాను.

"ఒకటి అడగతా అయ్యగారా. ఆ పొద్దు నేను థర్మామీటరు జూసుకుంటా ఉన్నా, జనం అరుపులు ఒకటి. సరిగా ఇనబళ్ళా. ఆ పదకొండు నిమిషాల్లో మా సలోమి పేరు ఎన్నిసార్లు జెప్పారు?"

గుర్తు చేసుకున్నాను. నాకు ప్రతి మాటా గుర్తుంది. ప్రవక్తను చెప్పాను, నదిని చెప్పాను, చక్రాల్లో చక్రాలను చెప్పాను. వచ్చిన నాలుగు ఊళ్ళ పేర్లూ చెప్పాను. పెద్దలను పేరుపేరునా ఆశీర్వదించాను. రథాన్ని, రోడ్డును, ఊడ్చిన చేతులను, కాచిన నీళ్ళను దీవించాను. మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు వెతికాను.

"చెప్పలేదు," అన్నాను.

"ఒక్కసారి గూడానా?"

"ఒక్కసారి కూడా."

ఆయన తల ఊపాడు. పళ్ళచక్రం పైకి తీసి, పళ్ళ సందుల్లో మసి గోరుతో గీకి, మళ్ళీ ముంచాడు. ఒక్కొక్క పన్నునే కడుగుతున్నాడు. దానికి నలభై పళ్ళుంటాయి. నన్ను పొమ్మనలేదు, ఉండమనలేదు.